అలిసిపోయానని చెప్పడమూ పైలట్ విధుల్లో భాగమే

ప్రశ్న: నేను గుంతకల్లు డివిజన్‌లో చాలా ఏళ్లు బండ్లు నడిపి లోకో పైలట్‌గా రిటైరయ్యాను. మా అమ్మాయి బెంగళూరు కేంద్రంగా ఒక విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌గా పనిచేస్తోంది. శిక్షణ కోసం చేసిన అప్పు ఇంకా తీరలేదు. పోయిన నెలలో తనకు వరుసగా రెండు రోజులు తెల్లవారుజామున నాలుగున్నరకు రిపోర్టింగ్ (డ్యూటీకి హాజరు) వేశారు. ఆ తర్వాత ఒక రోజు ఖాళీ ఇచ్చి, ఆ రాత్రే ఒంటి గంటకు డ్యూటీ వేశారు. తను పొద్దున ఏడింటికి లేచిందట. మధ్యాహ్నం పడుకుందామంటే పక్క ఫ్లాట్‌లో టైల్స్ కోస్తున్న చప్పుడుకు నిద్ర పట్టలేదట. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి, అలిసిపోయానని, విమానం నడిపే స్థితిలో లేనని చెప్పి డ్యూటీకి వెళ్లలేదు. అలసట గురించి ఫటీగ్ రిపోర్ట్ కూడా రాసిచ్చింది. ఆ వారంలో తను ఎగిరింది 19 గంటలే, చట్టం 35 గంటలు ఒప్పుకుంటుంది. మేము రన్నింగ్ రూములో (రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో) కాస్త కునుకు తీసి బండెక్కిన రాత్రులు ఎన్నో ఉన్నాయి. “అప్పు తీరేదాకా ఇట్లాంటివి పెట్టుకోవద్దమ్మా” అని కొంచెం గట్టిగానే అన్నాను. అప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. తను చేసింది సరైనదేనా? ఉద్యోగానికి ముప్పు ఉంటుందా? వచ్చే నెల ఆదోనిలో మా అన్న కొడుకు పెళ్లి ఉంది. వారపు సెలవులో రమ్మంటే రాలేనేమో అంటోంది. మేమేం చేయాలి?
— ఒక తండ్రి, గుంతకల్లు

సమాధానం: అయ్యా, మీ మొదటి ప్రశ్నకు ముందుగానే సూటిగా జవాబు చెబుతాను. మీ అమ్మాయి చేసింది సరైనదే. ఆ రాత్రి ఆమె విమానం ఎక్కి ఉంటే ఏ ప్రమాదమూ జరగకపోయి ఉండవచ్చు, చాలా రాత్రులు జరగదు కూడా. అయినా ఆ సమయానికి తన స్థితి ఏమిటో తెలిసిన వ్యక్తి ఆమె ఒక్కతే, ఆ స్థితిలో నడపకూడదని ఆమె మీద చట్టం పెట్టిన బాధ్యత కూడా ఉంది. విమాన సంస్థలో రోస్టర్లు (డ్యూటీ పట్టికలు) వేసే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా ఈ మాట చెబుతున్నాను. నాలుగు పదుల పేర్లున్న పట్టికను ముందు పెట్టుకొని కూర్చున్నవాడికి గంటలే కనిపిస్తాయి కానీ, ఆ పేరుగల మనిషి ఎప్పుడు లేచాడు, ఎంతసేపు పడుకున్నాడు అన్నది కనిపించదు.

మీ ఉత్తరంలో నన్ను బాగా ఆపినది 19 గంటలు, 35 గంటలు అన్న ఆ రెండు అంకెలు. వరుసగా 7 రోజుల్లో 35 గంటలకు మించి, 365 రోజుల్లో 1000 గంటలకు మించి పైలట్ ఎగరకూడదన్న హద్దులు మన దేశంలో ఉన్న మాట నిజమే. కానీ వాటిలో లెక్కకు వచ్చేది విమానం బయలుదేరడానికి కదిలిన క్షణం నుంచి చేరాక నిలిచిన క్షణం వరకు ఉన్న సమయం మాత్రమే. రిపోర్టింగ్ నుంచి మొదలయ్యే డ్యూటీ సమయానికి వేరే హద్దు ఉంది, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య విశ్రాంతికి ఇంకో హద్దు ఉంది. ఈ హద్దులన్నీ కలిపినా మనిషి నిజంగా ఎన్ని గంటలు నిద్రపోయాడన్నది ఏ రోస్టరులోనూ నమోదు కాదు. విశ్రాంతికి అవకాశం ఇవ్వడం వరకే చట్టం చేయగలదు. ఆ అవకాశం ఏ వేళలో వచ్చిందన్నదాన్ని బట్టే అది నిద్రగా మారుతుందా లేదా అన్నది తేలుతుంది.

ఆ రాత్రి లెక్కను మీరే ఒకసారి వేసి చూడండి. అంతకుముందు రెండు రోజులు నాలుగున్నరకు రిపోర్టింగ్ అంటే, విమానాశ్రయానికి గంట ప్రయాణం, తయారవడానికి ఇంకో గంట తీసేస్తే రాత్రి రెండున్నరకే లేవాలి. దానికోసం సాయంత్రం ఏడున్నరకు పడుకుందామన్నా, పగలు మేలుకొని రాత్రి పడుకోవడానికి అలవాటుపడిన శరీరం సాయంత్రం ఏడు, తొమ్మిది గంటల మధ్య నిద్రకు సహకరించదు. దీపాలు ఆర్పి కళ్లు మూసుకున్నా ఊరికే దొర్లడమే అవుతుంది. అట్లా రెండు రాత్రులు నాలుగైదు గంటల నిద్రతో గడిచాక ఖాళీ రోజు వచ్చింది. ఆ రోజు పొద్దున ఏడింటికి లేచిన మనిషి రాత్రి ఒంటి గంటకు రిపోర్ట్ చేసేసరికి మేలుకొని 18 గంటలు అయి ఉంటుంది. కాగితం మీద మాత్రం అప్పుడే డ్యూటీ మొదలైనట్టు, ఖర్చయిన సమయం సున్నా అన్నట్టు ఉంటుంది. ఒక ఊరికి వెళ్లి తిరిగి ఆరున్నరకు దిగే డ్యూటీ అయితే, చివరి ల్యాండింగ్ నాటికి ఆమె నిద్ర లేచి 23 గంటలు దాటుతుంది. చట్టం లెక్కలో అది అయిదున్నర గంటల డ్యూటీయే.

మేలుకొని గడిపిన గంటలకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, 17 గంటలు ఏకధాటిగా మేలుకొన్న మనిషి పనితనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి పనితనానికి దిగిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. మన దేశంలో పైలట్లు డ్యూటీకి వచ్చినప్పుడు శ్వాస పరీక్ష చేస్తారు, మద్యం ఆనవాలు ఏమాత్రం కనిపించినా విమానం ఎక్కనివ్వరు. నిద్రలేమిని పట్టుకునే అలాంటి గొట్టం ఏదీ లేదు. ఆ పరీక్షను పైలట్ తనకు తానే చేసుకొని, ఫలితాన్ని నిజాయితీగా చెప్పాలి. మీ అమ్మాయి రాత్రి పదిన్నరకు చేసిన ఫోను అదే. పైగా రిపోర్టింగుకు రెండున్నర గంటల ముందే చెప్పింది కాబట్టి, స్టాండ్‌బైలో ఉన్న మరొకరిని పిలిపించుకోవడానికి సంస్థకు వ్యవధి కూడా దొరికింది.

రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు వరకు ఉన్న వేళను విమానయాన నియమాలు ప్రత్యేకంగా గుర్తిస్తాయి. ఆ వేళలో శరీర ఉష్ణోగ్రత అట్టడుగుకు పడుతుంది, చురుకుదనం అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది, కళ్లు తెరిచే ఉన్నా మెదడు కొన్ని సెకన్లపాటు నిద్రలోకి జారుతుంది. జారినట్టు ఆ మనిషికే తెలియదు. దిగబోతున్న జెట్ విమానం సెకనుకు సుమారు 70 మీటర్లు ముందుకు పోతుంది కాబట్టి, నాలుగు సెకన్ల అలాంటి మరపులో దాదాపు 280 మీటర్లు గడిచిపోతాయి. ఈ సంగతి మీకు కొత్త కాదనుకుంటాను. ఇంజిను క్యాబులో డ్రైవరు కొంతసేపు ఏ మీటా కదపకపోతే దీపం వెలిగి, బజర్ మోగి, అప్పటికీ స్పందన లేకపోతే బ్రేకులు వాటంతటవే పడే పరికరాన్ని రైల్వే అమర్చిందంటే, అనుభవమూ క్రమశిక్షణా ఉన్న డ్రైవరు కూడా తెల్లవారుజామున తనకు తెలియకుండానే నిద్రలోకి వెళ్లగలడని ఒప్పుకున్నట్టే. పట్టాల మీద బండిని ఆపితే అది అక్కడే నిలుస్తుంది. గాలిలో ఉన్న విమానానికి అట్లా ఆగే వీలు లేదు. అందువల్ల జాగ్రత్త అంతా ఎక్కకముందే పడాలి.

2010 మే 22న మంగళూరులో జరిగింది మన అందరికీ గుర్తుండే ఉంటుంది. దుబాయ్ నుంచి తిరిగి వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉదయం ఆరు దాటాక రన్‌వే చివర దాటి లోయలో పడి, 158 మంది చనిపోయారు. ఎనిమిది మందే బతికారు. కెప్టెన్ ప్రయాణంలో గంటన్నరకు పైగా నిద్రపోయాడని, గురక శబ్దాలు రికార్డరులో ఉన్నాయని, నిద్ర నుంచి లేచిన వెంటనే ఉండే మందకొడితనం అతని నిర్ణయాల మీద ప్రభావం చూపి ఉండవచ్చని విచారణలో తేలింది. విమానం ఉండవలసిన దానికన్నా చాలా ఎత్తులో, వేగంగా వస్తోందని గ్రహించి, దిగవద్దు, తిరిగి పైకి లేపమని ఫస్ట్ ఆఫీసర్ మూడుసార్లు చెప్పాడు. కెప్టెన్ ఆ మాట వినలేదు. మీ అమ్మాయి కూర్చునే కుర్చీ ఆ ఫస్ట్ ఆఫీసర్ కూర్చున్న కుర్చీయే అన్న సంగతిని మీరు కాస్త నిదానంగా ఆలోచించాలని కోరుతున్నాను. పక్కవాడు తప్పుతున్నప్పుడు పట్టుకోవడానికే రెండో పైలట్ ఉంటారు. ఆ రెండో మనిషి కూడా 23 గంటలుగా మేలుకొని ఉంటే, ఎదురు చెప్పగల చురుకూ ధైర్యమూ ఎక్కడినుంచి వస్తాయి?

ఇక నియమాల సంగతికి వస్తే, మన పైలట్లకు ఉన్న రక్షణ ఈమధ్యనే పెరిగింది. దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు ప్రకటించి, ఆ ఏడాది జూన్ 1 నుంచి అమలు చేస్తామని చెప్పి, తర్వాత వాయిదా వేసింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టులో పట్టు వదలకుండా పోరాడిన తర్వాతే అవి 2025 జూలై 1న కొన్ని, నవంబర్ 1న మిగిలినవి అమలులోకి వచ్చాయి. వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, అందులో రెండు పూర్తి రాత్రులు ఉండాలి. అర్ధరాత్రి నుంచి అయిదింటి వరకు అనుకున్న రాత్రి వేళను ఆరింటి వరకు పొడిగించారు. ఆ వేళను తాకే డ్యూటీలో ల్యాండింగులను ఆరు నుంచి రెండుకు తగ్గించారు. అట్లాంటి డ్యూటీలో ఎగిరే సమయం 8 గంటలకు, మొత్తం ఫ్లైట్ డ్యూటీ 10 గంటలకు మించకూడదు. 2025 డిసెంబర్ మొదటి వారంలో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయి జనం విమానాశ్రయాల్లో పడిగాపులు పడ్డప్పుడు, కొత్త నియమాలే ఈ తిప్పలకు కారణమని చాలామంది అన్నారు. తేదీలు ఎంతో ముందుగా తెలిసి కూడా తగినంత సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడమే అసలు లోపమని నా నిశ్చితాభిప్రాయం. చివరికి రాత్రి డ్యూటీ నియమాల్లో కొన్నింటి నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 వరకు మినహాయింపు ఇచ్చారు, సెలవును వారపు విశ్రాంతి కింద లెక్కకట్టకూడదన్న ఆదేశాన్ని వెనక్కి తీసుకున్నారు. విమానాలు రద్దయితే ఆ రోజే అందరికీ కనిపిస్తుంది, పైలట్ల కళ్ల కింద పేరుకునే నిద్రలేమి ఎవరికీ కనిపించదు. అందుకే ఒత్తిడి వచ్చినప్పుడల్లా ముందుగా సడలేవి విశ్రాంతి నియమాలే అవుతున్నాయి. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఉద్యోగానికి ముప్పు ఉంటుందా అని అడిగారు. అలసట గురించి రిపోర్ట్ ఇచ్చినవారిని శిక్షించకూడదని, వారి వివరాలు గోప్యంగా ఉంచాలని, వచ్చిన రిపోర్టులనూ వాటిమీద తీసుకున్న చర్యలనూ మూడు నెలలకొకసారి డీజీసీఏకు పంపాలని కొత్త నిబంధనలు సంస్థలను ఆదేశిస్తున్నాయి. కాగితం మీద ఇది మంచి రక్షణే. కానీ అన్ని చోట్లా వాతావరణం ఒకేలా ఉండదు. సిబ్బంది డ్యూటీలు చూసే క్రూ కంట్రోల్‌లో ఫోనులో విసుగ్గా మాట్లాడే ఉద్యోగులు ఉంటారు, పదే పదే వివరణ అడిగే అధికారులు ఉంటారు. ఆ భయంతోనే చాలామంది పైలట్లు అలిసిపోయినప్పుడు అలసట అని రాయకుండా జ్వరమనో కడుపునొప్పనో చెప్పి తప్పుకుంటారు. అట్లా చేస్తే ఆ రోజుకు గండం గడుస్తుంది కానీ, రెండు వేకువ డ్యూటీల వెంటనే అర్ధరాత్రి డ్యూటీ వేసిన ఆ రోస్టరు లోపం ఎక్కడా నమోదు కాదు, వచ్చే నెల అదే వరుస ఇంకొకరి పేరు మీద పడుతుంది. మీ అమ్మాయి ఆ దారి పట్టకుండా నిజం రాసింది. ఆమెకు మీరు చెప్పదగిన మాట ఒకటే: రిపోర్టులో భావాలు కాకుండా వివరాలు ఉండాలి. గత మూడు రోజుల్లో ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఏ డ్యూటీ ఏ వేళకు వేశారు, ఏ వేళకు మార్చారు, ఎవరికి ఎన్ని గంటలకు ఫోన్ చేసి చెప్పింది అన్నవన్నీ రాసి, ఒక ప్రతి తన దగ్గర ఉంచుకోవాలి. సంస్థ నుంచి జవాబు వస్తే దాన్నీ భద్రపరచాలి. ఎవరైనా నిజంగా వేధిస్తే పైలట్ల సంఘానికి చూపడానికి అవే ఆధారాలు.

అప్పు సంగతి నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పైలట్ శిక్షణకు అయ్యే ఖర్చు ఒక మధ్యతరగతి ఇంటిని ఎంత కుంగదీస్తుందో తెలుసు. కానీ ఆ అప్పు భారం రాత్రి ఒంటి గంటకు ఆమె తీసుకునే నిర్ణయంలోకి రాకూడదు. వాయిదా గడువు దగ్గర పడుతున్న నెలలో ఆమెకు మీ మాట గుర్తొచ్చి, లేనిపోని గొడవ ఎందుకని ఎక్కేసే రాత్రి ఒకటి రావచ్చు. బ్యాంకుతో మాట్లాడి గడువు పొడిగించుకోవడమో, ఇంకో ఏర్పాటో మీరు చూసుకోండి. ఆమెతో మాత్రం ఆ లెక్కా ఈ లెక్కా కలిపి మాట్లాడకండి. మీరు అన్న మాటను మీరే వెనక్కి తీసుకుంటే తప్ప ఆమె ముభావం పోదు. ఫోనులో కాకుండా ఎదురుగా కూర్చోబెట్టుకొని, “నువ్వు చెప్పింది సబబేనమ్మా, నాకు అప్పుడు తెలియలేదు” అంటే చాలు.

ఇంట్లో పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండుకు భోంచేశావా అని అడగడానికి ఫోన్ చేయకండి. ఆమె రోస్టరు మీ ఫోనులోకి పంపించమనండి, పడుకునే వేళలు ఏవో మీకే తెలుస్తాయి. మీ ఇంటికి వచ్చినప్పుడు పగలంతా పడుకుంటోందని చుట్టాలు అంటే, మీరే జవాబు చెప్పండి, ఆమెతో చెప్పించకండి. గుంతకల్లు ఎండల్లో పగటి నిద్రకు గది చల్లగా, చీకటిగా ఉండాలి కాబట్టి, మందపాటి తెరలకూ కూలరుకూ పెట్టే ఖర్చును దండగ అనుకోవద్దు. నిద్ర పట్టడం లేదని ఎవరి దగ్గరో తెలిసిన మాత్ర తెచ్చి ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. పైలట్ వేసుకొనే ఏ మందైనా విమానయాన వైద్యుణ్ణి అడిగే వేసుకోవాలి. రెండు, మూడు వారాలు సరైన విశ్రాంతి దొరికాక కూడా నిద్ర పట్టకపోవడం, పగలు అదుపు లేకుండా కునుకు రావడం ఉంటే ఆ వైద్యుడికే చూపించాలి.

రాత్రి డ్యూటీ ముగించుకొని తానే కారు నడుపుకుంటూ గుంతకల్లుకు బయలుదేరే అలవాటు ఉంటే, దాన్ని ఈరోజే మాన్పించండి. బెంగళూరు నుంచి వచ్చే హైవే సాఫీగా, నేరుగా ఉండడమే అక్కడ నిద్రను పెంచుతుంది. ప్రయాణం విశ్రాంతిని ఎట్లా తినేస్తుందో చెప్పడానికి 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో నగరం దగ్గర కూలిన కోల్గన్ ఎయిర్ విమానం సంగతి చాలు. అందులోని ఫస్ట్ ఆఫీసర్ ఉద్యోగ కేంద్రానికి చేరడానికి అంతకుముందు రాత్రంతా సియాటిల్ నుంచి ఇతర విమానాల్లో ప్రయాణించి వచ్చింది. కెప్టెన్ విమానాశ్రయంలోని సిబ్బంది గదిలో పడుకున్నాడు. యాభై మంది చనిపోయారు. ఇద్దరూ అలసటతో ఉండి ఉండవచ్చని దర్యాప్తు సంస్థ చెప్పింది. మృతుల కుటుంబాలు ఏళ్ల తరబడి అడిగి అడిగి సాధించిన కొత్త విశ్రాంతి నియమాలు అక్కడ 2014 జనవరిలో అమలులోకి వచ్చాయి.

ఇక ఆదోని పెళ్లి. ఉదాహరణకు శుక్రవారం ఉదయం ఏడింటికి ఆమె డ్యూటీ ముగిసి, 48 గంటల విశ్రాంతి మొదలైందనుకుందాం. అదే పూట రైలెక్కి సాయంత్రానికి ఇంటికి చేరి, ఆ రాత్రి చుట్టాల మధ్య గడిపి, శనివారం తెల్లవారుజామున ముహూర్తానికి కూర్చొని, శనివారం రాత్రి బండికి తిరుగు ప్రయాణమైతే, ఆమెకు హక్కుగా వచ్చిన రెండు రాత్రుల్లో ఒక్కటీ నిద్రకు మిగలదు. చట్టం ప్రకారం ఆదివారం ఆమె పూర్తి విశ్రాంతి తీసుకున్న పైలట్ అవుతుంది. అందుకే రాలేనేమో అంటోంది. మీ అన్నగారితో మీరు ముందే మాట్లాడండి. ఆమె ఆ నెలకు ఒకటి, రెండు రోజుల సెలవు ఇప్పుడే అడిగి, అది వారపు విశ్రాంతికి అదనంగా మంజూరైతే, మొదటి రాత్రి బెంగళూరులోనే నిద్రపోయి, మరుసటి రోజు పగటి రైలులో రావచ్చు. ముహూర్తం వేకువన ఉంటే దానికి లేపకండి, పొద్దెక్కాక వచ్చి అక్షింతలు వేసి భోంచేసి వెళ్లినా బంధుత్వానికి లోటేమీ రాదు. తిరుగు ప్రయాణానికీ తర్వాతి రిపోర్టింగుకూ మధ్య ఒక పూర్తి రాత్రి బెంగళూరులో ఉండేటట్టు టికెట్ తీయండి. సెలవు దొరకకపోతే ఆమె రాదని మీ అన్నగారికి మీరే చెప్పండి. పెళ్లయ్యాక కొత్త దంపతులు బెంగళూరు వెళ్లినప్పుడు ఆమె ఖాళీ రోజు చూసుకొని కలవమనండి.